బొమ్మ ఆమెది, గొంతు ఎవరిది?

మార్చి 8 దగ్గరపడిందంటే మన మండల కేంద్రాలన్నింటా ఒకే తీరు సందడి కనిపిస్తుంది. జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత మండల కేంద్రంగా మారిన సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట కావచ్చు, మరొక ఊరు కావచ్చు. బడి ఆవరణలోనో పంచాయతీ కార్యాలయం ముందరో ముగ్గుల పోటీ, మహిళా సంఘాల సభ్యులకు ఆటలు, బాలికల నృత్యాలు, సావిత్రిబాయి ఫూలే చిత్రపటానికి పూలమాల, అధికారుల ప్రసంగాలు, చివర శాలువాలు. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. ఇంటి గడప దాటి నలుగురిలో కూర్చునే అవకాశం ఏడాదికి ఒక్క పూట దొరికినా అది స్త్రీలకు దక్కిన పూటే. అయితే ఆ ఒక్క పూట ఎవరికి దక్కుతున్నదన్న ప్రశ్నను మాత్రం దాటవేయలేం.

ముగ్గుల పోటీ సాధారణంగా ఉదయం పది, పదకొండు గంటల మధ్య మొదలవుతుంది. యాసంగి వరిలో కలుపు తీసే మనిషి, ఉపాధి హామీ పనికి పార పట్టుకుపోయిన మనిషి ఆ వేళకు ఊళ్లో ఉండదు. కాబట్టి పోటీలో ఎవరెవరు కూర్చుంటారన్నది పోటీ పెట్టకముందే తేలిపోతుంది. ముగ్గు పడటానికి ముందు ఆ నేలను ఊడ్చి నీళ్లు చల్లిన పారిశుద్ధ్య కార్మికురాలు మాత్రం తప్పకుండా అక్కడే ఉంటుంది. ఈ మధ్య ఆమెకూ శాలువా కప్పుతున్నారు. మంచి మార్పే. కానీ గమనించండి: శాలువా కప్పించుకున్నామె రెండు చేతులు జోడించి వేదిక దిగిపోతుంది. ఆమె గురించి మైకులో మాట్లాడేవారు వేరే ఉంటారు. సన్మానం ఒక కులానికి, ప్రసంగం మరొక కులానికి అని ఎవరూ తీర్మానం చేయలేదు. అయినా ఏటేటా అదే జరుగుతున్నది.

ఈ దినం పుట్టుక ఏమిటో గుర్తు చేసుకుంటే ఆశ్చర్యం మరింత పెరుగుతుంది. 1917లో పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీలు రొట్టె కోసం, యుద్ధం ఆగాలని సమ్మె కట్టి వీధిలోకి వచ్చిన రోజే మార్చి 8. ఐక్యరాజ్య సమితి 1975లో దీనిని పాటించడం మొదలుపెట్టడానికి చాలా ముందే ఇది నూలు, బట్ట, కూలీలతో ముడిపడిన దినం. నేతకు పేరుపొందిన సిద్దిపేట ప్రాంతంలో ఈ సంగతి వేరే దేశపు ముచ్చటలా వినిపించనక్కరలేదు.

సిద్దిపేట నేత అనగానే గుర్తొచ్చేది గొల్లభామ చీర. నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడిచిపోయే స్త్రీ రూపం అంచు పొడవునా, కొంగు మీద వరుస కట్టి ఉంటుంది. భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ నేతలో బొమ్మను పోగు పోగు పట్టి మగ్గం మీదే తీర్చాలి. అచ్చు వేసేది కాదు, తరువాత కుట్టేదీ కాదు. అందుకే అది నిదానమైన పని. నేసేవారు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే మిగిలారు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేసినప్పుడు ఇదే జిల్లాలోని చంద్లాపూర్‌కు చోటు దొరికింది. రంగనాయక సాగర్ జలాశయంతో పాటు ఈ చీర పేరు కూడా అప్పుడు గట్టిగానే వినిపించింది.

ఈ చీరను కులం కళ్లతో చూసినవారు తక్కువ. అంచు మీద ఉన్నది పాలు, చల్ల అమ్ముకుని బతికిన గొల్ల స్త్రీ. నేసినది పద్మశాలి ఇల్లు. ఒక శ్రామిక కులపు స్త్రీ నడకను మరొక శ్రామిక కులం అందమైనదిగా గుర్తించి, పట్టుకుని, తరాల పాటు నిలబెట్టింది. మన దేశంలో గుడి గోడల మీద అప్సరసలకూ రాణులకూ దక్కిన చోటు ఇక్కడ నెత్తిన కుండ మోసే మనిషికి దక్కింది. ఇది చిన్న సంగతి కాదు. కులాల నడుమ ఇంతటి ఆదరం మన కళా చరిత్రలో అరుదు.

అయినా ఆ బొమ్మకు ముఖం లేదు, పేరు లేదు. అది ఏ ఊరి గొల్లభామ అని ఎవరూ అడగలేదు. ఇక నేత పనిలో సగానికి పైగా చేసే ఇంటి స్త్రీ అయితే బొమ్మగా కూడా లేదు. కండెలు చుట్టడం, ఆసు పోయడం, గంజి పెట్టడం లేకుండా మగ్గం కదలదు. కానీ నేతగాడు అనే మాటకు స్త్రీలింగ రూపం మన వాడుకలో స్థిరపడనేలేదు. మగ్గం ముందు కూర్చున్నవాడు కళాకారుడు, మగ్గం వెనుక నిలబడినామె సహాయకురాలు. పురస్కారాల దరఖాస్తులో ఒక్క పేరుకే గడి ఉంటుంది కదా.

ఆసు దగ్గర ఒక ముచ్చట చెప్పక తప్పదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేసి, దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టారు. టై అండ్ డై పట్టుచీర ఒక్కటి నేయాలంటే ఆసు పోసే స్త్రీ చేయి సుమారు 9,000 సార్లు ఇటూ అటూ తిరగాలి. రోజుకు రెండు చీరల ఆసు అంటే 18,000 సార్లు. భుజం కీళ్లు అరిగిపోయే ఆ నొప్పిని శాస్త్రమూ చూడలేదు, ప్రభుత్వమూ చూడలేదు, ఇంట్లో చూసిన కొడుకు చూశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సినిమా కూడా వచ్చింది. ఒక యంత్రానికి తల్లి పేరు ఉండటం నాకు ఎన్నో స్మారక చిహ్నాల కంటే విలువైనదిగా తోస్తుంది. అక్కడ పేరుతో పాటు నొప్పి కూడా నమోదైంది. మగ్గాలు ఆగిన ఇళ్లలో స్త్రీలు బీడీలు చుట్టి సంసారాలు నెట్టుకొచ్చిన ప్రాంతం ఇది. ఆకు కత్తిరించిన వేళ్లకూ, పొగాకు దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకూ ఇంకా ఏ పేరూ దొరకలేదు.

చేర్యాల కూడా 2016 తరువాత సిద్దిపేట జిల్లాలో భాగమైంది. నకాషీ పటం అంటే ఇప్పుడు మనకు గోడకు తగిలించే చిత్రం. ఒకప్పుడది కులాల చరిత్ర పుస్తకం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, మాదిగలకు జాంబపురాణం. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పే ఒక్కో ఆశ్రిత కులం: కూనపులి, పటంవారు, డక్కలి. బ్రాహ్మణ పురాణాల్లో చోటు దక్కని కులాలు తమ పుట్టుకను తామే గొప్పగా చెప్పించుకున్న వేదిక అది. ఆత్మగౌరవ సాహిత్యమంటే ఆధునిక కాలంలోనే మొదలైందనుకునేవారు ఆ పటాల ముందు ఒక రాత్రి కూర్చుని చూడాలి.

అయితే ఆ ఆత్మగౌరవం కూడా చాలా వరకు పురుషుడిదే. కుల పురాణంలో మూలపురుషుడు ఉంటాడు. అతడి భార్య, తల్లి, కూతురు పక్క గళ్లలో ఉంటారు. ఎల్లమ్మ వంటి దేవతకు వస్తే కథ మారుతుంది గానీ దేవత కాని స్త్రీకి ప్రత్యేకించి ఒక గడి దొరకడం కష్టం. పటం గీసే ఇళ్లలో గుడ్డకు పూత పూసి ఆరబెట్టడం, చింతగింజల ముద్ద తయారు చేయడం, రంగులు నింపడం స్త్రీల చేతుల మీదుగానే నడిచాయి. ఇటీవల నకాషీ కుటుంబాల స్త్రీలు సొంతంగా చిత్రాలు వేస్తూ పిల్లలకు నేర్పుతున్నారు. ఈ మార్పు ఇంకా ముందుకు సాగితే పటంలో మూలపురుషుడి పక్కన ఎవరు నిలబడతారో చూడాలని ఉంది.

సిద్దిపేటలోనే పుట్టిన కాపు రాజయ్య (1925–2012) నకాషీ గీతను ఆధునిక చిత్రకళలోకి తెచ్చారు. బోనమెత్తిన స్త్రీ, బతుకమ్మ ఆడే స్త్రీలు, వడ్డెర మహిళ ఆయన కుంచె ద్వారా ఢిల్లీ దాకా వెళ్లారు. తరువాత తోట వైకుంఠం చిత్రాల్లో పెద్ద బొట్టు, మెరిసే నల్లని ఒళ్లు, రంగు చీరల తెలంగాణ స్త్రీ ప్రపంచానికి పరిచయమైంది. ఈ ఇద్దరి పట్లా నాకు గౌరవం ఉంది. నలుపును అందంగా నిలబెట్టడమే ఒక సామాజిక వ్యాఖ్య. కానీ ఒక్క మాట చెప్పుకోవాలి. తెలంగాణ ఆధునిక చిత్రకళకు రూపమిచ్చింది శ్రామిక కులాల స్త్రీ. ఆమెను చూసిన కన్ను పురుషుడిది, ఆ చిత్రాన్ని కొన్న గోడ సంపన్నుడిది. ఆమె తనను తాను ఎలా చూసుకుంటుందో చెప్పే చిత్రం ఆ గోడ మీద లేదు.

అలాంటి చిత్రం ఎక్కడైనా ఉన్నదా అంటే ఉంది. అదీ పాత మెదక్ జిల్లాలోనే, సిద్దిపేటతో కలిసి ఒకే జిల్లాగా ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో అత్యధికులు దళిత స్త్రీలు. కూలికి పోయినవారు, బడి ముఖం చూడనివారు. 1990ల చివర వారిలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. నేర్చుకున్న తీరులోనే అసలు విశేషం ఉంది. కెమెరాను పైనుంచి కిందికి వంచి తీసే చిత్రానికి వారు పెట్టుకున్న పేరు ‘పటేల్ షాట్’. పటేల్ మనిషిని చూసే చూపు అలాగే ఉంటుంది కాబట్టి. కింది నుంచి పైకి తీస్తే అది దొర ముందు నిలబడిన జీతగాడి చూపు. కంటికి కన్ను ఎదురుగా, ఒకే ఎత్తులో తీసేది ‘సంగం షాట్’. సంఘంలో అందరూ నేల మీద వలయంగా కూర్చుంటారు గనుక ఎవరి కన్నూ ఎవరికంటే పైన ఉండదు.

చలనచిత్ర శాస్త్రం చెప్పే తరగతిలో కెమెరా కోణాల గురించి గంటల తరబడి పాఠాలు చెబుతాం. కోణానికి కులం ఉంటుందని, చూపుకు భూస్వామ్యం ఉంటుందని రెండు మాటల్లో తేల్చినవారు ఈ స్త్రీలు. ఇది తెలుగులో పుట్టిన కళా సిద్ధాంతం. మన విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికల్లో దీనికి చోటు లేకపోవడం ఆ స్త్రీలకు జరిగిన నష్టం కాదు, మన విద్యార్థులకు జరిగిన నష్టం.

రేడియో కథ కూడా తెలుసుకోదగినదే. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఝరాసంగం మండలం మాచ్‌నూరులో ఆ దశాబ్దం చివరికల్లా స్టూడియో సిద్ధమైంది. ప్రసారానికి మాత్రం అనుమతి రాలేదు. 2006లో విధానం మారి స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం దొరికేవరకు ఆ స్త్రీలు రికార్డు చేసుకున్న ముచ్చట్లను క్యాసెట్ల మీద సంఘాలకు వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత స్త్రీలు. పొలం పని ముగించి ఇల్లు చేరే రాత్రి వేళే ప్రసారం. కొర్రలు, సామలు, జొన్నలు, విత్తనం దాచే పద్ధతి, పాట, వైద్యం అన్నీ వారి యాసలోనే. ‘చదువు రానివారి భాష’ అని మనం తోసిపుచ్చినది అక్కడ జ్ఞానానికి భాష అయింది.

సంక్రాంతి తరువాత అక్కడ జరిగే పాత పంటల జాతర కూడా ఇటువంటిదే. తీరొక్క విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు డప్పులతో, పాటలతో ఊరూరా తిరుగుతాయి. బండి ఆగిన ప్రతి ఊళ్లోనూ విత్తనాల మీద, పంటల మీద చర్చ జరుగుతుంది. కళ, ప్రసంగం రెండూ అక్కడ కలిసే ఉంటాయి. విత్తనం దాచిన స్త్రీయే దాన్ని అలంకరిస్తుంది, దాని గురించి తానే మాట్లాడుతుంది. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు దక్కింది. ఇది ఒక సంస్థ అండతో పెరిగిన ప్రయత్నమని, ఆ అండ లేనిచోట ఎలా సాగుతుందని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకు జవాబు మన మండలాల్లోనే వెతకాలి. మహిళా సంఘాలు, గ్రామ సమాఖ్యలు, వాటికి భవనాలు, పంచాయతీల్లో స్త్రీలకు 50 శాతం స్థానాలు మనకు ఉన్నాయి. మాచ్‌నూరు స్త్రీలు మొదలుపెట్టిన రోజున వారికి ఇందులో చాలా భాగం లేదు.

ఇక ఉపన్యాసాల సంగతి. ఈ మధ్య ప్రతి సభలోనూ చాకలి ఐలమ్మ పేరు వినిపిస్తున్నది. 2024 సెప్టెంబర్ 10న, ఆమె వర్ధంతి నాడు, రవీంద్రభారతిలో ఆమె జీవితం నృత్యరూపకంగా ప్రదర్శితమైన సభలోనే కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు. పేరులో ‘చాకలి’ ఉండాలా, ‘చిట్యాల’ అనే ఇంటిపేరు ఉండాలా అన్న వాదం ఇప్పటికీ ఉంది. రెండు వైపులా ఆత్మగౌరవమే మాట్లాడుతున్నది. నా మట్టుకు నాకు, తిట్టుగా వాడిన మాటను ఒక విశ్వవిద్యాలయం తన పట్టాల మీద ముద్రించవలసి రావడం సరైన పనిగానే తోస్తుంది.

కానీ ‘వీరనారి’ అనే బిరుదులో ఒక జారుడు ఉంది. ఐలమ్మ ధైర్యవంతురాలు అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆమె దేనికోసం తెగించిందో మరుగున పడుతుంది. పాలకుర్తిలో ఆమె కౌలుకు చేసుకున్న భూమి, ఆ భూమి మీద పండిన ధాన్యం, దాన్ని గుంజుకోజూసిన విసునూరు దేశ్‌ముఖ్, ఇదీ తగాదా. వెట్టి చేయవలసిన కులంలో పుట్టిన స్త్రీ సొంతంగా సేద్యం చేయడమే దొరకు నచ్చలేదు. మన సభల్లో ఆమె ధైర్యానికి చప్పట్లు కొట్టినంత సులువుగా, ఈ ఊళ్లో బట్టలుతికే ఇళ్లలో ఎంతమంది స్త్రీల పేర భూమి ఉన్నదని అడగం. ఆ ప్రశ్న వేస్తే వేదిక మీద కూర్చున్నవారిలో కొందరు కుర్చీలో సర్దుకోవలసి వస్తుంది. సావిత్రిబాయి విషయంలోనూ అంతే. ఆమె జయంతి జనవరి 3ను రాష్ట్ర ప్రభుత్వం 2025 నుంచి మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నది, సంతోషం. 1848లో పుణేలో బడికి వెళ్లే దారిలో ఆమె మీద పేడ, మట్టి విసిరినవారు ఎందుకు విసిరారో చెప్పకుండా ఆమెను ‘చదువుల తల్లి’ని చేయడం కూడా ఒక రకం శాలువా కప్పడమే.

చిందుల ఎల్లమ్మ వంటివారి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. నిజామాబాద్ జిల్లా ఆమ్‌దాపూర్‌కు చెందిన ఆమె చిన్నప్పటి నుంచి చిందు భాగవతం ఆడింది. ఎన్నో తెలుగు ప్రదర్శన కళల్లో ఆడవేషం కూడా మగవాడే కట్టిన కాలంలో, మాదిగ ఆశ్రిత కులమైన చిందువారిలో స్త్రీలు వేదికెక్కారు. 2005లో ఆమె మరణించింది. ఆమె తన జీవితం తానే చెప్పగా పుస్తకంగా వచ్చింది కాబట్టి ఆమె ఆట ఒక్కటే కాక ఆకలి, గౌరవం, ఊళ్లు తిరిగిన బాధ కూడా మనకు తెలుసు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చింది. ఆ పుస్తకం రాకముందు దళిత స్త్రీలు రాయలేదని నమ్మినవారు పండితుల్లోనే ఎందరో ఉండేవారు. అడిగినప్పుడే మాట బయటికి వస్తుంది; నమోదు చేసినప్పుడే నిలుస్తుంది.

బతుకమ్మను కూడా ఈ వెలుగులో చూడవలసి ఉంది. 2014లో రాష్ట్ర పండుగ అయిన ఈ ఆటలో కర్త, కర్మ, క్రియ అన్నీ స్త్రీలే. తంగేడు, గునుగు ఏరేది స్త్రీ, పేర్చేది స్త్రీ, పాట కట్టేది స్త్రీ. అయినా దళితవాడ బతుకమ్మ వేరుగా ఆడే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎవరి బతుకమ్మ ఎత్తుగా ఉన్నదో చూసి బహుమతులిచ్చే న్యాయనిర్ణేతలు, అన్ని బతుకమ్మలూ ఒకచోట ఉన్నాయా అన్నది చూడరు. పోటీ నియమాల్లో ఆ గడి లేదు.

నారాయణరావుపేటలో గానీ, దాని చుట్టుపక్కల గ్రామాల్లో గానీ ఈ ఏడాది స్త్రీల సభ పెట్టాలనుకునేవారికి ఖర్చుతో పని లేని కొన్ని మార్పులు సాధ్యమే. సభ రాత్రి ఏడు గంటలకు పెట్టవచ్చు, మాచ్‌నూరు రేడియో వేళకు. వేదిక తీసేసి జంపఖానా పరిస్తే ‘సంగం షాట్’ దానంతట అదే వస్తుంది. ఎత్తైన కుర్చీలు అలవాటైన అతిథులకు మోకాళ్ల నొప్పులుంటే గోడకు ఆనుకుని కూర్చోవచ్చు. ముగ్గులు, పటాలు, చీరలు ప్రదర్శించేటప్పుడు వాటి పక్కన పని చేసిన ప్రతి మనిషి పేరూ రాయాలి: నేసినవారిది, ఆసు పోసినవారిది, గుడ్డకు పూత పూసినవారిది. గొల్లభామ చీర ముందు ఒక గొల్ల స్త్రీని, నేత ఇంటి స్త్రీని పక్కపక్కన కూర్చోబెట్టి ఇది మీకేమనిపిస్తుందని అడిగితే ఏం చెబుతారో, నేనెరిగినంతలో, ఇంతవరకు ఎవరూ రాసిపెట్టలేదు. బడిలో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్ల చేతిలో ఉన్న ఫోను చాలు, ఆ ముచ్చటను దాచడానికి. మాట్లాడే పావు గంటలో అధికారి ఆమె మాటకు అడ్డుపడకుండా ఉండాలి. అదే అన్నింటికంటే కష్టమైన నియమం.

ఎవరిని పిలవాలన్న ప్రశ్న కూడా వస్తుంది. సాధించిన స్త్రీ అంటే మన జాబితాలో ఉద్యోగం, ర్యాంకు, వ్యాపారం ఉంటాయి. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి పిల్లల్ని చదివించినామె, భర్త పోయాక కౌలు సేద్యం నిలబెట్టినామె, ఊరి చెత్త బండి లాగుతూనే కూతుర్ని నర్సింగుకు పంపినామె ఆ జాబితాలోకి రావాలంటే దరఖాస్తు అడగకూడదు. వారి వాడకు వెళ్లి కూర్చుని అడగాలి. సెప్టెంబర్ 26న ఐలమ్మ జయంతి వస్తుంది. ఆ రాత్రి సభలో మొదటి మాట దళితవాడ నుంచి, రెండో మాట చాకలి ఇంటి నుంచి, మూడోది నేత ఇంటి నుంచి వచ్చేటట్టు చూసి, అధ్యక్షోపన్యాసం చివరికి ఉంచవచ్చు. అప్పటికి పొద్దుపోయి జనం లేచి వెళ్లిపోతుంటే ఆ ఉపన్యాసం మానేసినా నష్టం లేదు.